అమెరికా ఇంటికి పాత బట్టల డ్రయర్: ఏ కాలం నాటిది తీసుకోవాలి, దేన్ని వదిలేయాలి

అమెరికాలో ఇల్లు కొనుక్కునే తెలుగు కుటుంబాలకు పాత బట్టల డ్రయర్ సాధారణంగా రెండు దారుల్లో ఎదురవుతుంది. ఇల్లు అమ్మినవారు బేస్‌మెంట్‌లోనో గరాజ్‌లోనో వదిలేసి వెళ్లినది ఒకటి. ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లోనో, ఇంటి సామానంతా అమ్మేసే ఎస్టేట్ సేల్‌లోనో, హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ అనే సేవాసంస్థ వారి పాత సామాన్ల దుకాణం రీస్టోర్‌లోనో బాగా చవగ్గా కనిపించేది మరొకటి. తెల్లటి ఎనామిల్ రేకు, గుండ్రటి నాబ్, పని ముగిశాక గట్టిగా మోగే బజర్ తప్ప దానికి వేరే హంగులేమీ ఉండవు. దాన్ని ఉంచుకోవాలా, కొనేటట్టయితే ఏ కాలం నాటిది కొనాలి, లేక ఎక్కువ డబ్బు పెట్టి కొత్తదే తెచ్చుకోవాలా అన్నది తేల్చుకోవడానికి ఈ వ్యాసం. నా అభిప్రాయం ముందే చెబుతాను. 1970ల నుంచి 1990ల దాకా తయారైన, నాబ్‌తో నడిచే వర్ల్‌పూల్ లేదా కెన్‌మోర్ డ్రయర్ మంచి స్థితిలో దొరికితే మామూలు కుటుంబానికి అది చాలా తెలివైన కొనుగోలు. అంతకు ముందు కాలపు యంత్రాలు ఇష్టంతో, ఓపికతో చూసుకోగలిగేవారికి మాత్రమే. అయితే ఏ యంత్రం కోసమైనా సరే, బయలుదేరే ముందు మీ ఇంటి గోడను చూసుకోవాలి.

గోడ దగ్గర మొదలుపెట్టండి

డ్రయర్ పెట్టదలచుకున్న చోట 240 వోల్టుల పెద్ద సాకెట్ ఉందా, గ్యాస్ పైపు ఉందా, వేడి గాలి బయటికి పోయే గొట్టం ఉందా అన్న మూడు విషయాలు మీ ఎంపికను సగం తేల్చేస్తాయి. యంత్రం వంద డాలర్లకే వచ్చినా, లేని సాకెట్‌ను కొత్తగా పెట్టించాలంటే ఎలక్ట్రీషియన్‌కు అంతకు ఎన్నో రెట్లు ఇవ్వాల్సి రావచ్చు. అప్పుడిక చవగ్గా కొన్నామన్న మాటకు అర్థం ఉండదు.

ఎలక్ట్రిక్ డ్రయర్‌కు 30 ఆంపియర్ల బ్రేకర్‌తో, 10 గేజ్ రాగి తీగతో విడిగా వేసిన సర్క్యూట్ కావాలి. దాని సాకెట్‌లో రెండు రకాలు ఉన్నాయి. పాత ఇళ్లలో ఎక్కువగా మూడు రంధ్రాల సాకెట్ కనిపిస్తుంది. 1996 నాటి జాతీయ ఎలక్ట్రికల్ కోడ్ కొత్తగా వేసే డ్రయర్ సర్క్యూట్లకు నాలుగు తీగలను తప్పనిసరి చేసింది కాబట్టి, రాష్ట్రాలు దాన్ని అమల్లో పెట్టిన తరవాత కట్టిన ఇళ్లలో నాలుగు రంధ్రాల సాకెట్ ఉంటుంది. పాత డ్రయర్ మూడు తీగల కరెంటు తాడుతోనే (పవర్ కార్డ్) వస్తుంది. దాన్ని కొత్త ఇంటికి తెచ్చినప్పుడు మార్చవలసింది తాడునే తప్ప సాకెట్‌ను కాదు. ఈ తాడు మార్పిడిలో చాలామంది పట్టించుకోని చిన్న పని ఒకటి ఉంది. డ్రయర్ వెనక తాడు లోపలికి వెళ్లే చోట ఉండే చిన్న రేకు మూత విప్పితే మూడు స్క్రూలు వరుసగా కనిపిస్తాయి. నడిమి స్క్రూ న్యూట్రల్‌ది. దాని నుంచి యంత్రపు రేకుకు ఒక సన్నని లోహపు పట్టీగానీ చిన్న తీగగానీ కలిపి ఉంటుంది. మూడు తీగల తాడు వాడినంత కాలం ఆ పట్టీ ఉండి తీరాలి, ఎందుకంటే రేకుకు ఎర్త్ దాని ద్వారానే అందుతుంది. నాలుగు తీగల తాడు బిగించినప్పుడు మాత్రం దాన్ని తప్పకుండా విడదీసి, తాడులోని ఆకుపచ్చ తీగను నేరుగా రేకుకు బిగించాలి. ఆ పట్టీని అలాగే వదిలేసినా డ్రయర్ ఏమీ తేడా లేకుండా నడుస్తుంది, బట్టలూ ఆరతాయి. కానీ న్యూట్రల్ తీగ ఎక్కడైనా వదులైన రోజున యంత్రం రేకు మొత్తానికీ కరెంటు పాకుతుంది. తడి చేతులతో తాకే యంత్రం కాబట్టి ఈ ఒక్క పనీ తెలిసినవారి చేత చేయించడంలో లోభం చూపవద్దు.

గ్యాస్ డ్రయర్ సంగతి వేరు. దాని మోటారుకు మామూలు 120 వోల్టుల సాకెట్ చాలు. వేడి మాత్రం గంటకు 20,000 నుంచి 22,000 బీటీయూల (బీటీయూ అంటే వేడిని కొలిచే ప్రమాణం) బర్నర్ నుంచి వస్తుంది. అమెరికాలో చాలా చోట్ల గ్యాస్ ధర కరెంటు కంటే చవక, బట్టలు కూడా కాస్త త్వరగా ఆరతాయి. న్యూజెర్సీ వంటి రాష్ట్రాల్లోని పాత ఇళ్లలో గ్యాస్ లైను ముందే ఉంటుంది కాబట్టి అక్కడివారికి ఇది సహజమైన ఎంపిక. అయితే పాత యంత్రాల విషయంలో నేను ఒక గీత గీస్తాను. విద్యుత్తుతో ఎర్రగా కాగి మంట ముట్టించే ఇగ్నైటర్ ఉన్న గ్యాస్ డ్రయర్‌ను నిశ్చింతగా పరిశీలించవచ్చు. ఎప్పుడూ వెలుగుతూ ఉండే పైలట్ మంట ఉన్న అంతకు పూర్వపు యంత్రం ఎంత అందంగా ఉన్నా వదిలేయడమే మేలు. అది వాడని వేళల్లో కూడా గ్యాస్‌ను కాలుస్తూనే ఉంటుంది. 1988 జనవరి నుంచి అలాంటి గ్యాస్ డ్రయర్ల తయారీని ఫెడరల్ చట్టమే ఆపించింది. ఇంకొక మాట: డ్రయర్‌తో పాటు పాత గ్యాస్ కనెక్టర్‌ను, అంటే గ్యాస్ పైపును యంత్రానికి కలిపే గొట్టాన్ని, ఎన్నడూ తెచ్చుకోకండి. పూత లేని పాత ఇత్తడి కనెక్టర్ల కొసలు ఊడిపోయి పేలుళ్లు, మరణాలు సంభవించాయని అమెరికా వినియోగదారుల ఉత్పత్తుల భద్రతా సంఘం హెచ్చరించింది. ఇంట్లో అలాంటిది ముందే ఉందన్న అనుమానం వస్తే, చూద్దామని యంత్రాన్ని జరపడం కూడా ప్రమాదమే. గ్యాస్ పనివాణ్ని పిలవాలి. మీ ఇంటికి వచ్చేది సహజ వాయువా ప్రొపేనా అన్నది కూడా కనుక్కోవాలి, ఎందుకంటే రెండింటికీ బర్నర్ రంధ్రం వేరు.

ఇక గాలి గొట్టం. ఎలక్ట్రిక్ అయినా గ్యాస్ అయినా పాత డ్రయర్లలో దాదాపు అన్నీ తడి గాలిని ఇంటి బయటికి పంపేవే. నాలుగు అంగుళాల వ్యాసమున్న గట్టి లోహపు గొట్టం కావాలి. ఇళ్ల నిర్మాణ కోడ్ ప్రకారం సాధారణంగా దాని పొడవు 35 అడుగులు మించకూడదు, తొంభై డిగ్రీల మామూలు వంపు ఒక్కోటి ఐదు అడుగుల కింద లెక్క. అతుకుల దగ్గర లోపలికి పొడుచుకువచ్చే స్క్రూలు పెడితే బట్టల నుంచి రాలే నూగు వాటికే చిక్కుకుంటుంది. బయటి మూతికి జల్లెడ పెట్టకూడదు, పిట్టలు రాకుండా తెరుచుకు మూసుకునే రెక్క చాలు. పాత డ్రయర్ వెనక తెల్లటి ప్లాస్టిక్ గొట్టం వేలాడుతూ కనిపిస్తే దాన్ని అక్కడే చెత్తబుట్టలో వేసి రండి.

మూడు తరాలు, మూడు రకాల కొనుగోళ్లు

అమెరికాలో డ్రయర్ 1938లో విస్కాన్సిన్ రాష్ట్రం టూ రివర్స్ పట్టణంలోని హామిల్టన్ కంపెనీ ద్వారా మార్కెట్లోకి వచ్చింది. ఉత్తర డకోటాకు చెందిన జె. రాస్ మూర్ దాని రూపకర్త. లోపల బట్టలు దొర్లుతుంటే కనబడేలా తలుపుకు గాజు కిటికీ పెట్టించినవాడు బ్రూక్స్ స్టీవెన్స్ అనే డిజైనర్. అప్పటి నుంచి ఈనాటి వరకు లోపలి అమరిక పెద్దగా మారలేదు. ఒక మోటారు, ఆ మోటారు తిప్పే బెల్టు, బెల్టు తిప్పే డ్రమ్ము, గాలిని లాగే పంకా, వేడినిచ్చే ఎలిమెంట్ లేదా బర్నర్, వేడిని అదుపులో ఉంచే రెండు మూడు థర్మోస్టాట్లు, ఒక టైమర్ అందులోని ముఖ్య భాగాలు. నీళ్లు పట్టవలసిన పనిలేదు కనుక వాషింగ్ మెషీన్‌లా త్వరగా తుప్పు పట్టి పాడవదు. అందుకే నలభై ఏళ్ల నాటి డ్రయర్లు నేటికీ తిరుగుతున్నాయి.

1950ల, 60ల యంత్రాలు చూడముచ్చటగా ఉంటాయి. క్రోమ్ పట్టీలు, రంగు రంగుల ఎనామిల్, వెలుగుతుండే డయల్ చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. కొన్నింటి డ్రమ్ములో బట్టలకు ఎండ వాసన రావాలని చిన్న అతినీలలోహిత దీపం కూడా పెట్టేవారు. అది వెలుగుతున్నప్పుడు నేరుగా చూడకూడదు. కానీ నిత్యం పిల్లల బట్టలు ఆరవలసిన ఇంటికి అవి తగవు. వాటిలో చాలావాటికి అతిగా వేడెక్కినప్పుడు సర్క్యూట్‌ను శాశ్వతంగా తెంచేసే థర్మల్ ఫ్యూజు లేదు. తీగల మీది పాత తొడుగు పెళుసుబారి ఉంటుంది, ఎలిమెంట్ దగ్గరి తీగల చుట్టూ, పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ అల్లిక ఉండే అవకాశమూ ఉంది. దాన్ని గీకడం, ఊదడం, వాక్యూమ్ చేయడం ఎంతమాత్రం కూడదు. విడి భాగాలు దుకాణాల్లో దొరకవు, మరో పాత యంత్రాన్ని విప్పి తీసుకోవలసిందే. పాత యంత్రాలను బాగుచేసుకోవడమే ఆనందంగా ఉండేవారు, ఇంట్లో పనికి వేరే డ్రయర్ ఉన్నవారు ఇలాంటిది తీసుకుంటే దాన్ని కాపాడినవారవుతారు. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో అదే ఏకైక డ్రయర్ అయితే మాత్రం వద్దనే అంటాను.

1970ల నుంచి 1990ల దాకా వచ్చినవి రెండో తరం. ఇందులో వర్ల్‌పూల్ వారి 29 అంగుళాల వెడల్పు నమూనా అన్నిటికంటే ముందు వెతకదగినది. పై పలక మీద కుడి పక్కన సన్నని మూత, దాన్ని పట్టుకుని పైకి లాగితే పొడవాటి నూగు జల్లెడ బయటికి వస్తుంది. ఆ గుర్తు చూస్తే చాలు. సియర్స్ దుకాణాలు కెన్‌మోర్ పేరుతో అమ్మినవాటిలో కూడా చాలావరకు వర్ల్‌పూల్ తయారు చేసినవే. తలుపు లోపలి అంచు మీద ఉండే మోడల్ నంబరు 110తో మొదలైతే అది వర్ల్‌పూల్ కర్మాగారం నుంచి వచ్చిందని అర్థం. దశాబ్దాల పాటు అదే అమరికతో లక్షలాదిగా తయారైనందువల్ల బెల్టు, డ్రమ్ము కింది రోలర్లు, బెల్టును బిగువుగా పట్టే చిన్న చక్రం, ఎలిమెంట్, థర్మోస్టాట్లు ఇప్పటికీ కొత్తవి తయారవుతున్నాయి, తక్కువ ధరకే దొరుకుతున్నాయి. పై పలక ముందు భాగంలో జల్లెడ మూతి దగ్గరి రెండు స్క్రూలు తీసి పలకను వెనక్కి వాల్చితే, ముందు రేకు విప్పితే, లోపలంతా కళ్లెదుట ఉంటుంది. చేతిలో స్క్రూడ్రైవర్, కరెంటు కొలిచే ఒక మల్టీమీటర్ ఉన్నవారు ఒక సెలవు రోజున బెల్టూ రోలర్లూ మార్చుకోగలరు. నాకు ఈ యంత్రాల మీద ఉన్న గౌరవానికి కారణం ఇదే: వాటిని తయారు చేసినవారు, విప్పేవారి గురించి కూడా ఆలోచించారు.

అదే కాలంలో అయోవా రాష్ట్రం న్యూటన్ నుంచి వచ్చిన మేటాగ్ డ్రయర్లు కట్టుబడిలో వర్ల్‌పూల్ కంటే ఒక మెట్టు పైనే ఉంటాయి. డ్రమ్ము ముందు అంచు చుట్టూ వలయంలా వేడి వచ్చే ‘హేలో ఆఫ్ హీట్’ నమూనాలు ఎంతో సున్నితంగా ఆరబెట్టేవి. బట్టలలోని తడిని స్వయంగా పసిగట్టి ఆగే ఎలక్ట్రానిక్ నియంత్రణను మేటాగ్ 1960లలోనే అమ్మింది. మోడల్ నంబరు ముందు డిఈ అని ఉంటే ఎలక్ట్రిక్, డిజి అని ఉంటే గ్యాస్. అయితే 2006లో మేటాగ్‌ను వర్ల్‌పూల్ కొనేసింది, ఆ మరుసటి ఏడాది న్యూటన్ కర్మాగారం మూతపడింది; ఆ పాత నమూనాల భాగాలు కొన్ని ఇప్పుడు తయారు కావడం లేదు. కాబట్టి రెండూ ఒకే ధరకు, ఒకే స్థితిలో కనబడితే నేను కెన్‌మోర్‌నే తీసుకుంటాను. మేటాగ్ తీసుకునేవారు, ఎక్కడైనా చవగ్గా దొరికిన అదే నమూనా ఇంకొకటి భాగాల కోసం గరాజ్‌లో ఉంచుకోగలిగితే నిశ్చింతగా ఉండవచ్చు.

2000ల తరవాతి, ఎలక్ట్రానిక్ బోర్డుతో నడిచే వాడేసిన డ్రయర్లు మూడో తరం. వీటి గురించి ఎక్కువ చెప్పను. బోర్డు పోతే ఆ బోర్డు ధర యంత్రం ధరను మించవచ్చు, పాత నమూనాకు బోర్డు దొరకకపోనూవచ్చు. ఉచితంగా వస్తే తప్ప వద్దు.

పాతది కరెంటు ఎక్కువ తాగుతుందా

ఈ సందేహం అందరికీ వస్తుంది, న్యాయమైనదే. పాత ఫ్రిజ్ కొత్త ఫ్రిజ్ కంటే ఎన్నో రెట్లు కరెంటు కాలుస్తుంది కాబట్టి డ్రయర్ కూడా అంతే అనుకుంటారు, కానీ ఇక్కడ లెక్క వేరు. బట్టల్లోని ఒక కిలో నీటిని ఆవిరి చేయడానికి సుమారు 0.65 యూనిట్ల శక్తి కావాలి; ఇది ప్రకృతి ధర్మం, ఏ కంపెనీ దీన్ని తగ్గించలేదు. వేడి గాలిని బయటికి పంపే డ్రయర్, పాతదైనా కొత్తదైనా, ఒక విడతకు సాధారణంగా రెండు నుంచి నాలుగు యూనిట్ల మధ్య కాలుస్తుంది. మూడు యూనిట్లు, యూనిట్ 16 సెంట్లు అనుకుంటే విడతకు 48 సెంట్లు. వారానికి ఐదు విడతలకు ఏడాదికి సుమారు 125 డాలర్లు. కొత్త మామూలు డ్రయర్ కొంటే ఈ అంకె కొద్దిగా తగ్గుతుందే తప్ప, పెట్టిన డబ్బు తిరిగి వచ్చేంతగా తగ్గదు.

నిజంగా తేడా తెచ్చేది హీట్ పంప్ డ్రయర్. అది తడి గాలిలోని వేడిని బయటికి పారబోయకుండా తిరిగి వాడుకుంటుంది కనుక సగం కరెంటుతోనో అంతకంటే తక్కువతోనో పని ముగిస్తుంది. పైన వేసిన లెక్కలో ఏడాదికి 60 డాలర్ల పైచిలుకు మిగులుతుంది. వెయ్యి డాలర్ల యంత్రం ఆ మిగులుతో తన ఖర్చు రాబట్టుకోవడానికి పదిహేనేళ్లకు పైగా పడుతుంది. కాలిఫోర్నియాలో ఉన్నట్టు యూనిట్ ధర దాదాపు రెట్టింపుగా ఉన్న చోట, పెద్ద కుటుంబం రోజూ ఆరబెట్టే చోట లెక్క హీట్ పంప్ వైపు మొగ్గుతుంది, అది కాదనలేను. ఇంకొక సంగతి: మామూలు డ్రయర్ నడుస్తున్నంతసేపూ ఇంట్లో వెచ్చబెట్టిన లేదా చల్లబెట్టిన గాలినే లాగి బయటికి తోస్తుంది. డాలస్ వేసవిలో ఏసీ నడుస్తున్న మధ్యాహ్నం కంటే తెల్లవారుజామున ఆరబెట్టుకోవడం మేలు. దీనికంటే పెద్ద ఆదా వాషింగ్ మెషీన్ దగ్గరే ఉంది. బట్టలను ఎంత గట్టిగా పిండితే డ్రయర్‌కు అంత తక్కువ పని కనుక, ఎక్కువ వేగంతో తిరిగే మంచి ఫ్రంట్ లోడ్ వాషర్ పక్కన 1985 నాటి కెన్‌మోర్ పెట్టుకోవడం నా దృష్టిలో చక్కటి జోడీ.

పాత టైమర్ పనితీరు కూడా తెలుసుకుంటే సగం ఖర్చు అదుపులోకి వస్తుంది. నాబ్ మీద నిమిషాల వరుస ఒకటి, ‘ఆటో డ్రై’ అన్న వరుస ఒకటి ఉంటాయి. ఆటో డ్రైలో పెట్టినప్పుడు బట్టలు తడిగా ఉన్నంతసేపూ బయటికొచ్చే గాలి చల్లగా ఉంటుంది, ఎలిమెంట్ కాలుతూనే ఉంటుంది, టైమర్ కదలదు. బట్టలు ఆరేకొద్దీ గాలి వేడెక్కి థర్మోస్టాట్ ఎలిమెంట్‌ను ఆపుతుంది. అది ఆపిన క్షణాల్లోనే టైమర్ ముందుకు జరుగుతుంది. అంటే తడి మీద ఆధారపడే ఆగుతుంది. నిమిషాల వరుసలో గంట పెట్టి వెళ్లిపోతే మాత్రం, నలభై నిమిషాలకే ఆరిన బట్టలను ఇంకో ఇరవై నిమిషాలు వేయిస్తూనే ఉంటుంది.

అమ్మేవారి ఇంట్లో ఏం చూడాలి

ముందుగా ఫోన్లోనే మోడల్ నంబరు అడిగి తెలుసుకోండి. అది ఏదైనా రీకాల్‌లో (లోపం వల్ల కంపెనీ వెనక్కి పిలిపించిన వాటిలో) ఉందేమో భద్రతా సంఘం వెబ్‌సైటులోనూ, బెల్టూ ఎలిమెంటూ దొరుకుతున్నాయో లేదో భాగాల దుకాణాల్లోనూ చూసుకున్నాకే బయలుదేరండి. అక్కడ డ్రయర్‌ను ప్లగ్గుకు తగిలించి ఉంచమని అడగండి. ‘మొన్నటి దాకా బాగానే నడిచింది’ అన్న మాట మీద కొనవద్దు.

తలుపు తెరిచి, చేత్తో డ్రమ్మును నెమ్మదిగా ఒక చుట్టు తిప్పండి. బెల్టు ఉంటే కాస్త బరువుగా, ఒకే తీరుగా తిరుగుతుంది. బొంగరంలా తేలిగ్గా తిరిగిపోతే బెల్టు తెగిందని అర్థం. అది చిన్న ఖర్చు, ధర తగ్గించమని అడగడానికి మంచి కారణం. టక్‌టక్ మని లయగా చప్పుడు వస్తే రోలర్లు అరిగాయి, అదీ చిన్న ఖర్చే. డ్రమ్ము అంచుకూ ముందు రేకుకూ మధ్య బట్ట చిక్కుకునేంత సందు ఉంటే లోపలి ఉన్ని పట్టీ చిరిగింది. చెయ్యి లోపలికి పెట్టి డ్రమ్ము వెనక గోడను, రెక్కల అంచులను తడమండి. అక్కడ తుప్పు పొలుసులు చేతికి తగిలితే వెనక్కి తిరగండి, ఎందుకంటే తెల్ల చొక్కాల మీది తుప్పు మరక వదలదు.

తరవాత నడిపించి చూడండి. ఐదు నిమిషాల్లో వెనక గొట్టం మూతి దగ్గర గాలి వెచ్చబడి, బలంగా రావాలి. తలుపు తెరిచిన మరుక్షణం డ్రమ్ము ఆగాలి. ఆగకపోతే తలుపు స్విచ్చిని ఎవరో దాటవేసి తీగలు కలిపారు. పిల్లలున్న ఇంటికి అలాంటి యంత్రం తీసుకువెళ్లకూడదు. గ్యాస్ డ్రయర్ అయితే కనీసం పావుగంట ఆగి చూడండి. మొదటిసారి మంట ముట్టుకుని, కాసేపటికి ఆరి, మళ్లీ ముట్టుకోకపోవడం వాటికి బాగా తెలిసిన జబ్బు. గ్యాస్ వాల్వు మీది కాయిల్స్ మారిస్తే నయమవుతుంది. కాలిన వాసన, తాడు కొస దగ్గర కరిగిన ప్లాస్టిక్, నల్లబడిన స్క్రూ కనిపిస్తే అవి వదులు బిగింపు వల్ల వేడెక్కిన గుర్తులు. తాడూ, దాని తీగలు బిగించే టెర్మినల్ దిమ్మా రెండూ మార్చాలన్న లెక్క వేసుకునే బేరం చేయండి.

చివరిగా టేపు తీసి కొలవండి. 29 అంగుళాల యంత్రం 30 అంగుళాల తలుపులోంచి ఇరుకుగా పడుతుంది, బేస్‌మెంట్ మెట్ల మలుపులో ఇరుక్కుపోవచ్చు. బరువు సుమారు 50 కిలోలు. ఇద్దరు మనుషులు, చక్రాల బండి, కట్టడానికి పట్టీలు లేకుండా ఎత్తవద్దు.

ఇంటికి తెచ్చిన తరవాత

బట్టలు వేయకముందే లోపలంతా శుభ్రం చేయడం పాత డ్రయర్ విషయంలో ఐచ్ఛికం కాదు. ప్లగ్గు పీకి, ముందు రేకు విప్పి చూస్తే మోటారు చుట్టూ, పంకా గూటిలో, ఎలిమెంట్ పెట్టె కింద ఏళ్ల తరబడి పేరుకున్న నూగు బూడిద రంగు దుప్పటిలా పరుచుకుని ఉంటుంది. ఆ నూగు అగ్గిపుల్ల సోకితే భగ్గుమంటుంది. అమెరికా అగ్నిమాపక పరిపాలన సంస్థ 2008–2010 నాటి అంచనా ప్రకారం ఇళ్లలో డ్రయర్ల వల్ల ఏటా సుమారు 2,900 అగ్నిప్రమాదాలు జరిగేవి, వాటికి మొదటి కారణం శుభ్రం చేయకపోవడమే. సన్నని మూతి ఉన్న వాక్యూమ్‌తో, మెత్తటి బ్రష్‌తో అంతా తీసేయండి. 1960ల నాటి యంత్రమైతే పైన చెప్పిన ఆస్బెస్టాస్ అనుమానం ఉంది కాబట్టి ఆ పని తెలిసినవారికే వదలండి. విప్పారు కనుక బెల్టు, రోలర్లు, చిన్న చక్రం మూడూ అప్పుడే మార్చేస్తే మళ్లీ ఎన్నో ఏళ్లు విప్పే పని ఉండదు.

వర్ల్‌పూల్ రకంలో పంకా గూటి మీద ఉండే తెల్లటి చిన్న థర్మల్ ఫ్యూజు 91 డిగ్రీల సెల్సియస్ దగ్గర తెగిపోతుంది, తిరిగి అతుక్కోదు. అది తెగిందంటే గాలి గొట్టం మూసుకుపోయిందనో థర్మోస్టాట్ పాడయిందనో యంత్రం చెబుతున్నట్టు. కొందరు పనివాళ్లు ఆ ఫ్యూజుకు అడ్డంగా తీగ కలిపి ‘నడుస్తోంది’ అని చూపిస్తారు. దానికి ఎన్నడూ ఒప్పుకోకండి. ఇంటిని కాపాడే ఆఖరి కావలి అదే.

రోజువారీ వాడకంలో ప్రతి విడతకూ ముందు జల్లెడ దులపాలి. సువాసన కోసం వేసే డ్రయర్ షీట్లు ఆ జల్లెడ మీద కంటికి కనబడని జిడ్డు పొరను వదులుతాయి. జల్లెడ మీద నీళ్లు పోస్తే కిందికి కారకుండా నిలిచిపోతున్నాయంటే, సబ్బు నీళ్లలో పాత టూత్‌బ్రష్‌తో రుద్దవలసిన సమయం వచ్చిందన్నమాట. ఏడాదికొకసారి గోడలోని గొట్టాన్ని పొడవాటి బ్రష్‌తో తోయించండి. డ్రయర్ నడుస్తుండగా ఇల్లు వదిలి వెళ్లకండి, నిద్రపోకండి.

మన ఇళ్లకు ప్రత్యేకంగా వర్తించే జాగ్రత్త ఒకటి ఉంది. తలంటు స్నానాలకు ముందు ఒంటికి పట్టించిన నువ్వుల నూనె తుడిచిన తువ్వాళ్లు, దీపాల దగ్గరి నూనె గుడ్డలు, పూరీలూ గారెలూ వేయించిన రోజు వంటగది గుడ్డలు ఒక ఉతుకులో పూర్తిగా నూనె వదలవు. వంటనూనెలు గాలితో కలిసి తమంతట తామే వేడెక్కే గుణం ఉన్నవి. డ్రయర్ ఇచ్చిన వేడికి ఆ చర్య వేగం పుంజుకుని, యంత్రం ఆగిన తరవాత కూడా కుప్పగా పడి ఉన్న గుడ్డలు అంటుకున్న సందర్భాలు ఉన్నాయి. వాటిని దండెం మీదే ఆరవేయాలి. పట్టు చీరలు, జరీ అంచులు, కలంకారీ, మంగళగిరి నేత బట్టలు డ్రయర్‌లో వేయవద్దని వేరే చెప్పనక్కరలేదు. పాలియెస్టర్ చీరలు, పిల్లల యూనిఫారాలు తక్కువ వేడిలో బాగా ఆరతాయి. చీర ఒక్కటే వేస్తే తాడులా మెలిపడుతుంది కనుక రెండు తువ్వాళ్లు తోడు వేయండి.

కొత్తదే కొనవలసినవారు

ఇంటికి బయటి గాలి గొట్టం లేనివారు, అపార్ట్‌మెంట్‌లో 120 వోల్టుల సాకెట్ మాత్రమే ఉన్నవారు పాతదాని జోలికి వెళ్లకుండా, గొట్టం అక్కరలేని, తమ సాకెట్‌కు సరిపడే హీట్ పంప్ డ్రయర్ చూసుకోవాలి. ఎలక్ట్రిక్ డ్రయర్ గాలిని ఇంట్లోకే వదిలే బకెట్ల వంటి పరికరాలు అమ్ముతారు. వాటితో గోడలు చెమ్మగిల్లి బూజు పడుతుంది. గ్యాస్ డ్రయర్‌కైతే అది ప్రాణాంతకం, కార్బన్ మోనాక్సైడ్ ఇల్లంతా నిండుతుంది. అద్దె ఇంట్లో ఉండేవారు, ఇంట్లో స్క్రూడ్రైవర్ పట్టేవారెవరూ లేనివారు, ఊళ్లో పాత యంత్రాలు తెలిసిన పనివాడు దొరకనివారు కూడా కొత్తదే తీసుకోవడం మంచిది. నాబ్‌తో నడిచే గట్టి యంత్రమే కావాలి, కానీ పాతదాని తలనొప్పి వద్దు అనుకునేవారికి విస్కాన్సిన్ రాష్ట్రం రిపన్‌లో తయారయ్యే స్పీడ్ క్వీన్ ఉంది. ధర సాధారణంగా వెయ్యి డాలర్లు దాటుతుంది, అయినా వారంటీ కొన్ని నమూనాలకు ఏడేళ్ల వరకు ఉంది.

తిరిగి హైదరాబాద్‌కో విజయవాడకో వెళ్లిపోతూ, మనసైన పాత డ్రయర్‌ను కూడా కంటైనర్‌లో వేద్దామా అని అడిగేవారున్నారు. వేయకండి. అమెరికా డ్రయర్ ఎలిమెంట్ 240 వోల్టులతో కాలుతుంది, కాబట్టి మన 230 వోల్టులు సరిపోతాయని అనిపిస్తుంది; కానీ దాని మోటారు, టైమర్, దీపం మాత్రం అదే తాడులోని న్యూట్రల్ ద్వారా 120 వోల్టులు తీసుకుంటాయి. అలాంటి ఏర్పాటు భారతదేశపు ఇళ్లలో లేదు. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి ఆ 120 వోల్టులు సమకూర్చినా, మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక 60 హెర్ట్జ్‌కు చేసిన మోటారు ఆరో వంతు నెమ్మదిగా తిరుగుతుంది, ఎక్కువ వేడెక్కుతుంది. నాబ్ మీది అరవై నిమిషాలు గడియారంలో డెబ్బై రెండు నిమిషాలవుతాయి. పంకా నెమ్మదించి గాలి తగ్గితే ఎలిమెంట్ దగ్గర వేడి పెరుగుతుంది. ఆ డ్రయర్‌ను అమెరికాలోనే, మీలాగే వెతుకుతున్న మరో కుటుంబానికి మోడల్ నంబరుతో, మార్చిన భాగాల రసీదులతో సహా అప్పగించి రండి.